ఎర్రన పక్కన భీమన్న

2014లో వచ్చిన పదో తరగతి తెలుగు వాచకం మీ ఇంట్లో అటక మీద ఎక్కడైనా ఉంటే విషయసూచిక ఒకసారి తీసి చూడండి. రెండో పాఠం బోయి భీమన్న 'జానపదుని జాబు', పల్లెలో ఉన్నవాడు పట్నంలో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరం. దాని వెనకే మూడో పాఠం ఎర్రన 'వెన్నెల', నృసింహపురాణంలోది. తర్వాత చిన్నయసూరి. ఆరో పాఠం 'మా ప్రయత్నం': స్త్రీల చరిత్రను తామెందుకు వెతికి తీయాల్సి వచ్చిందో ఓల్గా, వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ చెప్పుకున్న ముందుమాట. అది ముగిసీ ముగియగానే అయ్యలరాజు రామభద్రుడి హనుమంతుడు సముద్రం మీదికి లంఘిస్తాడు. శ్రీనాథుడి 'భిక్ష' అయ్యాక 'చిత్రగ్రీవం' అనే పావురం కథ. ధనగోపాల్ ముఖర్జీ ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకానికి 1928లో అమెరికాలో న్యూబెరీ పతకం ఇచ్చారు.

కవిత్రయంలోని ఎర్రాప్రగడనూ దళిత కవి బోయి భీమన్ననూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం ఇప్పుడు మనకు వింతగా అనిపించదు. మన తాతల కాలంలో ఇది ఊహకందని సంగతి.

అప్పట్లో బడి తెలుగంటే చిన్నయసూరి తెలుగే. ఆయన 1853 నాటి నీతిచంద్రిక వచనానికి కొలబద్ద. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొరకు, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటీ ఎందుకయ్యాయో అర్థం కాలేదు. ఆ అనుమానం గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల దగ్గర ఉద్యమంగా మారింది. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న పేచీ మద్రాసు విశ్వవిద్యాలయం దాకా పోయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసింది ఈ గొడవలోనే.

పడమటి గోదావరి ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. 1916లో కొవ్వూరు సభలో గిడుగు ఆధునిక భాష లక్షణాల మీద మాట్లాడారు. 1925లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తణుకులో సమావేశమైంది. తాడేపల్లిగూడెం నుంచి తణుకు ఎంత దూరమని! ఆ సభలో గిడుగు గంటల తరబడి నిలబడి, గ్రాంథికం రాయాలని పట్టుబట్టే పండితులే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ రాతల్లోంచే ఎత్తి చూపించారు. ఆయన సాక్ష్యాలన్నీ కావ్యాల్లోంచి, వ్యాకరణాల్లోంచి తెచ్చినవే. నన్నయను బడిలోంచి పంపెయ్యమని ఆయన ఏనాడూ అనలేదు. పాత కావ్యం చదవండి, రాసేటప్పుడు మాత్రం మీ నోట్లో ఉన్న తెలుగు రాయండి అన్నదే ఆయన మాట. ఈ సంగతి మరిచిపోయి గిడుగును పద్యానికి శత్రువుగా చూపించేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.

వాడుక భాషకు తలుపు తెరుచుకున్నంత మాత్రాన అందరి బతుకులూ లోపలికి రాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో రాసిన 'మాలపల్లి' సంగతే చూడండి. మాల కుటుంబాన్ని కథకు నడుమ నిలబెట్టిన నవల అది. ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు మార్చాక 1928లో మళ్ళీ అచ్చుకు ఒప్పుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెడితే, 1936లో పుస్తకాన్నీ పాఠాన్నీ కలిపే నిషేధించారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకగానీ అది బయటపడలేదు. పద్యాల్లో ఎంత శృంగారం ఉన్నా భరించిన పాఠ్యక్రమం పాలేరు కథను భరించలేకపోయింది.

ఏలూరు కాలేజీకి పేరిచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయానికే తొలి వైస్ ఛాన్సలర్. ఆయన 1914 నాటి 'కవిత్వతత్త్వ విచారము'లో ప్రబంధ కవులను కడిగేస్తూనే పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇటు తాడేపల్లిగూడెంలో ఉన్నది ఆదికవి నన్నయ పేరున్న విశ్వవిద్యాలయం క్యాంపస్. తెలుగు పాఠ్యపుస్తకం తగువంతా ఈ రెండు పేర్ల మధ్యదే.

కొత్త రచనలు బడిలోకి ఎక్కువగా వచ్చిన దారి ఉపవాచకం. మాస్టార్లందరూ నాన్‌డిటెయిల్డ్ అనేవారు. ప్రతిపదార్థాలు లేవు, సంధులు విడదీసే పని లేదు, గబగబా చదువుకుపోవడమే. కథో, నవలో, జీవిత చరిత్రో అక్కడ సర్దుకునేది. అసలు వాచకంలో పెద్దపీట పద్యానిది. 2014 పుస్తకంలో విచిత్రం ఏమిటంటే ఈ ఏర్పాటు తలకిందులైంది: భీమన్న ఉత్తరం, చిత్రగ్రీవం ప్రధాన వాచకంలో ఉంటే, ఉపవాచకంగా వచ్చింది రామాయణం! పిల్లలు దాన్ని వచనంలో, కథగా చదువుకున్నారు. నా మటుకు ఇది మంచి పనే అనిపించింది. రామాయణం ముందు కథగా ఎక్కాలి, పద్యం తర్వాత.

అయితే విషయసూచికలో వచ్చిన సమానత్వం ప్రశ్నపత్రంలో రాలేదు. నక్షత్రం గుర్తున్న పద్యాన్ని పాదభంగం లేకుండా పూరించి భావం రాయాల్సి వచ్చేది కాబట్టి పిల్లలు దాన్ని పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి వల్లెవేసేవారు. 'మా ప్రయత్నం' నుంచి వచ్చే ప్రశ్నకు గైడులో జవాబు సిద్ధంగా ఉండేది. కంఠతా పట్టిన పద్యం ముసలితనం దాకా తోడుంటుంది, కాదనను. కానీ ఆడవాళ్ళ చరిత్ర గురించిన పాఠం మీద తరగతిలో పిల్లలు వాదించుకోకపోతే అది చెప్పినట్టా?

పాతకొత్తల్ని విడివిడిగా చెప్పడం వల్ల కూడా నష్టముంది. శ్రీనాథుడి 'భిక్ష'లో వ్యాసుడికి కాశీలో ఏ ఇంటా అన్నం పుట్టదు. ఆకలి మండి ఆ ఊరినే శపించబోతాడు. జాషువా 'గబ్బిలం'లో గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, తన ఆకలి సంగతి అదే కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ కావ్యం 1941 నాటిది. అచ్చు మాత్రం కాళిదాసు మేఘసందేశానిది. ఈ రెండు ఆకళ్ళనూ ఒకే వారంలో చెబితే, వ్యాసుడికి తలుపు తీయడానికి చివరికి అన్నపూర్ణ వచ్చింది, ఇతనికి ఎవరొచ్చారని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడగకపోరు.

కొల్లేటి లంకల పిల్లలకైతే ఇంకా దగ్గరి జోడీ ఉంది. దండి దశకుమారచరిత్రలో ఆంధ్ర నగరం పక్కన హంసలు తిరిగే ఒక మహా సరస్సు వస్తుంది. అది కొల్లేరేనని చాలామంది పండితుల అభిప్రాయం. మంత్రగుప్తుడు దొంగ సన్యాసి వేషంలో దాని గట్టున మకాం వేసి, నీళ్ళలో మునిగితే కొత్త శరీరం వస్తుందని రాజును నమ్మించి పని కానిస్తాడు. తిక్కనకు అంకితమిచ్చిన తెలుగు దశకుమారచరిత్రము కేతన రాశాడు. ఈ కాలంలో అదే నీటి మీద అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' అనే నవల రాశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలకు ఆ నవలలో ఏ మాటకూ అర్థం చెప్పనక్కర్లేదు. దొంగ స్వామి కథకైతే అసలే అక్కర్లేదు.

ఒక్క చిక్కుంది. ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు మండుతున్నాయని మంత్రగుప్తుడు తన కథంతా ప, బ, మ లాంటి అక్షరాలు తగలకుండా చెబుతాడు. పిల్లలు ముందు అడిగేది ఆ పెదవుల సంగతే. ప్రబంధాలు చెప్పి ఆరితేరిన తెలుగు మాస్టార్లకు ఇలాంటివి దాటవేయడం కొత్తగా నేర్పాలా?