బ్యాకప్ నుంచి పునర్నిర్మాణం: రిలేషనల్ డేటాబేస్ పునరుద్ధరణ చరిత్ర - తెలుగు పాఠం

1. ఉపోద్ఘాతం

ఒక గ్రంథానికి నకలు ఉన్నదనడం వేరు, ఆ నకలు ఆధారంగా గ్రంథాన్ని తిరిగి నిలబెట్టగలమనడం వేరు. పాఠపరిష్కరణతో పరిచయమున్నవారికి ఈ భేదం కొత్తది కాదు. నిఘంటువులు, పత్రికల పాత సంచికల సూచికలు, గ్రంథాలయ పట్టికలు అనేకం నేడు రిలేషనల్ డేటాబేసులలో నిక్షిప్తమై ఉన్నాయి. అవి చెడినప్పుడు బ్యాకప్ ఫైలును స్క్రిప్టు ద్వారా నడిపి మళ్లీ నిర్మించుకోవాలి. ఈ ప్రక్రియ ఎలా రూపొందిందో, అందులో తెలుగు పాఠం ఎక్కడ దెబ్బతింటుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. చిట్టా, ఆవర్జా, స్క్రిప్టు

ఐ.బి.ఎం. సంస్థ శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించిన పత్రం రిలేషనల్ నమూనాకు మూలం. దత్తాంశాన్ని పట్టికలుగా అమర్చి, ఒక పట్టికలోని వరుసను మరొక పట్టికలోని వరుసతో తాళపు విలువల ద్వారా కలపడం అందులోని ప్రధాన ప్రతిపాదన. దానిని ఆచరణలో పరీక్షించడానికి అదే పరిశోధనశాలలో సిస్టం ఆర్, బర్క్‌లీలో ఇంగ్రెస్ అనే ప్రయోగాలు 1970వ దశకంలోనే సాగాయి. ఎస్.క్యూ.ఎల్. భాష సిస్టం ఆర్ నుంచి వచ్చింది. ఇంగ్రెస్ తరువాత మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో పోస్ట్‌గ్రెస్‌ను ఆరంభించగా, అది 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరు పొందింది.

యంత్రం మధ్యలో ఆగిపోతే సగం రాసిన లెక్క ఏమవుతుందన్న ప్రశ్నకు జిమ్ గ్రే తదితరులు వెతికిన సమాధానం లాగ్. మన వర్తకుల పద్దు పద్ధతి తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో పడుతుంది, తరువాతనే ఆవర్జాకు ఎక్కుతుంది. ఆవర్జా పాడైనా చిట్టా ఉంటే దానిని తిరిగి రాసుకోవచ్చు. సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి ఈ సూత్రాన్ని శాస్త్రీయంగా స్థిరపరచింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇటువంటి చిట్టా 2001లో 7.1 సంచికతోను, దాని సాయంతో కోరుకున్న క్షణానికి వెనుదిరిగే సౌకర్యం 2005లో 8.0 సంచికతోను వచ్చాయి.

స్క్రిప్టు బ్యాకప్ దీనికి భిన్నం. పీజీ-డంప్ వంటి సాధనం సాదా రూపంలో ఇచ్చేది ఒక పాఠం. దానిని తెరచి చదువుకోవచ్చు. ముందు పట్టికలను సృష్టించే ఆజ్ఞలు, ఆపై వరుసల దత్తాంశం, చివర సూచికలు, పట్టికల మధ్య సంబంధాలను విధించే నియమాలు ఉంటాయి. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. నియమాన్ని ముందే విధిస్తే, రచయితల పట్టిక నిండకముందు గ్రంథాల పట్టికలోకి వచ్చిన ప్రతి వరుసా తిరస్కృతమవుతుంది. పునరుద్ధరణ అంటే ఈ ఆజ్ఞలను మొదటినుంచి చివరిదాకా మరల నడిపించడమే. ఇక్కడొక ప్రమాదముంది. పీ-ఎస్‌క్యూఎల్ ఉపకరణం, ప్రత్యేకంగా ఆదేశించకపోతే, ఒక ఆజ్ఞ విఫలమైనా ఆగక తరువాతి ఆజ్ఞకు పోతుంది. స్క్రిప్టు చివరికి చేరుతుంది, డేటాబేస్ సిద్ధమైనట్లే కనబడుతుంది, ఏదో ఒక పట్టిక మాత్రం ఖాళీగా ఉంటుంది. దోషం కనబడగానే ఆపమనే ఆన్-ఎర్రర్-స్టాప్ అమరికను, మొత్తం పనిని ఒకే లావాదేవీగా నడపమనే ఐచ్ఛికాన్ని వాడటం తప్పనిసరి అని నా అభిప్రాయం.

3. 2017 నాటి ఒక ఉదంతం

పునరుద్ధరణ చరిత్రలో గిట్‌ల్యాబ్ సంస్థ ఉదంతం ప్రత్యేకంగా గమనింపదగినది. జరిగినదంతా ఆ సంస్థే బహిరంగపరచడం అందుకు కారణం. 2017 జనవరి 31 రాత్రి ఒక ఉద్యోగి అనుబంధ సర్వరులోని డేటాను తొలగిస్తున్నాననుకొని ప్రధాన సర్వరులోని డేటాను తొలగించాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది 4.5 గిగాబైట్లు మాత్రమే.

బ్యాకప్‌లు లేవా అంటే, ఉన్నాయనే అందరూ భావించారు. డేటాబేస్ 9.6 సంచికది. బ్యాకప్ తీసే స్క్రిప్టు పిలుస్తున్న పీజీ-డంప్ మాత్రం 9.2 సంచికది. తనకన్నా కొత్త సంచిక సర్వరు నుంచి డంప్ తీయడానికి ఆ సాధనం నిరాకరిస్తుంది. అందువల్ల బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్లు వెళ్లాయి గాని, ప్రామాణీకరణ లోపం వల్ల అవి గ్రహీతలకు చేరకముందే తిరస్కరణకు గురయ్యాయి. బ్యాకప్‌లు ఉండవలసిన చోట చూస్తే ఏమీ లేదు.

చివరకు ఆదుకున్నది వేరొక పరీక్ష నిమిత్తం సుమారు ఆరు గంటల ముందు ఒకరు చేతితో తీసిపెట్టిన డిస్కు ప్రతి. దానిని తిరిగి నకలు చేయడానికే దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యకాలపు దత్తాంశం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ప్రభావితమయ్యాయని ఆ సంస్థ నివేదించింది.

ఈ పునరుద్ధరణలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన అంశం వేరు. వరుసలకు క్రమసంఖ్యలిచ్చే లెక్కింపులన్నింటినీ వారు లక్ష ముందుకు జరిపారు. పోయిన ఆరు గంటలలో కొన్ని సంఖ్యలు అప్పటికే జారీ అయి ఉంటాయి. వాటిని వేరే వరుసలకు మళ్లీ ఇస్తే, పాత సంఖ్యను ఎక్కడో రాసుకున్నవారికి అది పరాయి వస్తువును చూపుతుంది. పోయిన భాగం ఎంతో తెలియనప్పుడు ఆ మేర ఖాళీ విడిచిపెట్టడం పరిష్కర్తలకు తెలిసిన మర్యాదే.

4. తెలుగు పాఠానికి కలిగే నష్టం

తాళపత్ర ప్రతికి నకలు తీసే లేఖకుడు చదువుతూ రాసేవాడు. తప్పులు చేసినా, పత్రం చిరిగిన సంగతి అతనికి తెలిసేది. డంప్ తీసే యంత్రం ఏమీ చదవదు. అందువల్ల అక్షరాల తీరు మారినా బ్యాకప్ దశలో అది ఎవరి దృష్టికీ రాదు.

మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0 సంచిక వచ్చేవరకు సహజంగా అమరి ఉండే అక్షరవిన్యాసం లాటిన్-1. అటువంటి పట్టికలలో తెలుగును దాచిన వెబ్‌సైట్లు సరిగానే పనిచేసేవి. యూనికోడ్ బైట్లను అదే దారిలో పెట్టి, అదే దారిలో తీసుకొనేవి కనుక తేడా తెలిసేది కాదు. డంప్ సాధనం మాత్రం ఆ పట్టిక మాటను నమ్మి, ప్రతి బైటునూ ఒక ఐరోపా అక్షరంగా భావించి యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. 'క' అక్షరాన్ని తీసుకుందాం. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు. లాటిన్-1గా చదివితే స్వరచిహ్నమున్న రోమన్ 'ఎ', డిగ్రీ గుర్తు, ఒక నల్లచుక్క కనిపిస్తాయి. వాటిని మళ్లీ మార్చితే మూడు బైట్లు ఏడవుతాయి. కొత్త సర్వరులో పునరుద్ధరించిన నాడు పుట నిండా ఆ డిగ్రీ గుర్తులే.

ఇక్కడ పాఠవిమర్శ దృష్టితో మూడు స్థితులను వేరుచేయాలి. పైన చెప్పిన రెండింతల మార్పు వికృతంగా కనిపించినా సవరించదగినదే. మూలం మిగిలి ఉంటే లాటిన్-1గానే డంప్ తీసి, స్క్రిప్టులోని విన్యాసనామాన్ని మార్చి నడిపితే పాఠం యథాతథంగా వస్తుంది. రెండవది ప్రశ్నార్థకాల స్థితి. నిజమైన యూనికోడ్ పాఠాన్ని లాటిన్-1లోకి మార్చబోతే, అందులో స్థానం లేని ప్రతి తెలుగు గుర్తూ ఒక ప్రశ్నార్థకంగా మారుతుంది. ఆ ప్రశ్నార్థకం వెనుక ఏ అక్షరమున్నదో ఇక ఏ స్క్రిప్టూ చెప్పలేదు. చూడటానికి మొదటిదే భయంకరం, నిజమైన నష్టం రెండవది.

మూడవది కోత. 255 స్థానాల లాటిన్-1 గడిలో తెలుగు గుర్తులు 85 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక చదివే అక్షరాలు ఇంకా తక్కువ. పాత సంచికలు కఠిన నియమం లేనప్పుడు మిగిలిన పాఠాన్ని కత్తిరించి, ఒక హెచ్చరికతో సరిపెట్టేవి. ఈ కోత పాఠాన్ని ఎక్కించిన రోజే జరుగుతుంది. తరువాత తీసిన ప్రతి బ్యాకప్‌లోనూ ఆ కోతపడిన పాఠమే ఉంటుంది. కనుక పునరుద్ధరణ తరువాత వరుసల సంఖ్య సరిపోయిందా అని చూడటంతో పని తీరదు. సరిగ్గా 255 బైట్ల వద్ద ముగిసిన గడులను వేరుచేసి, వాటిని అచ్చుప్రతితో పోల్చి చదవవలసి ఉంటుంది.