గడప దగ్గరికొచ్చిన బజారు

జనం ఫోనులో వస్తువులు ఎందుకు కొంటున్నారని అడిగితే మార్కెటింగు శాస్త్రం దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ధర తక్కువ, ఎంపిక ఎక్కువ, సమయం ఆదా, వాడటం తేలిక. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎవరినడిగినా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి. అబద్ధమేమీ కాదు. కానీ ఈ జవాబుల్లో కొనే మనిషికి ఇల్లు ఉండదు. ఆ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, ఫోను ఎవరి పేరున ఉంటుందో, తలుపు తట్టినప్పుడు ఎవరు తీస్తారో ఉండదు. ఆడవాళ్ళ కొనుగోళ్ళకు ఒక చరిత్ర ఉందనీ, అది ఫోనుతో మొదలు కాలేదనీ ఆ శాస్త్రానికి పట్టదు.

నేను సాహిత్య విద్యార్థిని. పరిశోధన కోసం పాత స్త్రీల పత్రికలు తిరగేస్తున్నప్పుడు కథల కంటే, వ్యాసాల కంటే నన్ను ఎక్కువసేపు ఆపినవి ప్రకటనలు. స్త్రీలు ఏం చదవాలో చెప్పే పేజీల పక్కనే, వాళ్ళు ఏం కొనాలో చెప్పే పేజీలు. ఈ వ్యాసానికి మూలం ఆ పేజీలే.

ముందు సిద్ధాంతం సంగతి చూద్దాం. కొత్త సాంకేతికతను మనుషులు ఎందుకు స్వీకరిస్తారన్న ప్రశ్నకు 1989లో అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ ఒక నమూనా ఇచ్చాడు. అది మనకు ఉపయోగపడుతుందన్న నమ్మకం ఒకటి, వాడటం తేలికన్న నమ్మకం రెండు. ఈ రెండూ ఉంటే స్వీకరిస్తారని దాని సారాంశం. 2000లో విశ్వనాథ్ వెంకటేశ్, మైకేల్ మోరిస్ ఇందులోకి జెండర్‌ను తీసుకొచ్చారు. ఉద్యోగస్థలాల్లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మగవాళ్ళు ఎక్కువగా ఉపయోగాన్ని చూస్తున్నారనీ, ఆడవాళ్ళ మీద తేలికతనంతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళ అభిప్రాయం కూడా పనిచేస్తోందనీ వాళ్ళు తేల్చారు. 2003లో వెంకటేశ్, ఆయన సహచరులు ఇంకా పెద్ద నమూనా తయారుచేశారు. అందులో 'సామాజిక ప్రభావం' ఒక అంశమైంది. మన విశ్వవిద్యాలయాల్లో ఆన్‌లైన్ కొనుగోళ్ళ మీద వచ్చే సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఈ చట్రాల్లోనే నడుస్తున్నాయి.

'సామాజిక ప్రభావం' అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మనకు ముఖ్యమైన వాళ్ళు మనం ఇది వాడాలని అనుకుంటున్నారా అన్నది దాని అర్థం. రేపల్లెలో కొత్త కోడలికి 'ముఖ్యమైన వాళ్ళు' అంటే ఎవరు? అత్తగారు, మామగారు, భర్త. వాళ్ళ అభిప్రాయాన్ని ప్రభావం అనడం ఎంత మర్యాదైన మాట! మన భాషలో దాన్ని అనుమతి అంటారు. ప్రభావానికి లోనవడం, అనుమతి అడగడం ఒకటి కావు. ప్రశ్నాపత్రంలో ఈ రెండూ ఒకే గడిలో పడిపోతాయి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. మనదేశపు తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతి మొదలుపెట్టింది. అమ్మేవాడు పార్సెలు పంపుతాడు. పోస్టుమాన్ గుమ్మం దగ్గర వస్తువిచ్చి డబ్బు తీసుకుంటాడు. ఆ డబ్బు తపాలా ద్వారా అమ్మినవాడికి చేరుతుంది. 1880లో మనియార్డరు వచ్చింది. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలుమార్గం పడింది. తెనాలి, బాపట్ల ఆ దారిలోవే. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చింది. ఆ పట్టాలు రేపల్లెతో ఆగిపోతాయి. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న పల్లెలకు మద్రాసు సరుకు చేరాలంటే పోస్టుమాన్ సంచీ ఒక దారి.

పార్సెలు గుమ్మం దగ్గరికి వచ్చాకే డబ్బు. అమ్మేవాడి ముఖం ఎరగకపోయినా ఫరవాలేదు, మధ్యలో సర్కారు ఉంది. ఈ రోజు 'క్యాష్ ఆన్ డెలివరీ' అంటున్నదానికి ఇది ముత్తవ్వ. ముందు డబ్బు కట్టమంటే కొనని మనిషి, గుమ్మం దగ్గర కట్టమంటే కొంటుందని 19వ శతాబ్దంలోనే తేలిపోయింది.

ఈ దారిన ఆడవాళ్ళ కోసం ఏమొచ్చాయి? డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో కేసరి కుటీరం నడిపారు. స్త్రీల గర్భాశయ సమస్యలకు ఆయన తయారుచేసిన 'లోధ్ర' తెలుగునాట ఇంటింటి పేరు. 1928లో ఆయనే 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. పత్రిక చదివే స్త్రీ, మందు కొనే స్త్రీ ఒకరే అని ఆయనకు బాగా తెలుసు. అంతకు ముందు కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో 'ఆంధ్రపత్రిక' నడిపారు. అంటే తెలుగు పత్రికారంగం తొలినాళ్ళ నుంచీ మందుసీసాతో చెయ్యి కలిపే నడిచింది. ప్రకటన చివర వి.పి.పి. ద్వారా పంపుతామన్న మాట అప్పట్లో మామూలు.

లోధ్ర విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది దాని గుణం కాదు, అది వచ్చే దారి. ముట్టు నొప్పి, తెల్లబట్ట, గర్భస్రావం - వీటిని ఊళ్ళోని మగ వైద్యుడి ముందు నోరు విప్పి చెప్పుకోలేని స్త్రీకి మద్రాసు చిరునామా ఒక చాటు ఇచ్చింది. ఎదురుగా మనిషి లేకపోవడమే అక్కడ సౌకర్యం. అయితే ఆ చాటు కూడా సంపూర్ణం కాదు. చదువు రాని స్త్రీకి ఉత్తరం ఎవరు రాసిపెట్టాలి? భర్తో, కొడుకో, చదువుకున్న మరదలో. పార్సెలు అందుకునేది ఎవరు? తన నొప్పికి తాను మందు తెప్పించుకోవడానికి ఇంకొకరి చేతిరాత కావాలి. ఆ చేతిరాత స్థానంలో ఇప్పుడు కొడుకు బొటనవేలు వచ్చిందేమో ఆలోచించండి.

పోస్టుమాన్ కంటే ముందు, ఆయనతో పాటూ గడప దగ్గరికి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. గాజుల మలారం మోసుకొచ్చే గాజులాయన, చీరల మూటాయన, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ. మా అమ్మమ్మ వాళ్ళ తరంలో ఈ బేరాలు చాలావరకు మధ్యాహ్నం జరిగేవి, మగవాళ్ళు పొలంలోనో, కచేరీలోనో ఉండే వేళ. నగదు మగవాళ్ళ చొక్కా జేబులో ఉండేది, బియ్యం ఆడవాళ్ళ గాదెలో ఉండేవి. అందుకే తవ్వెడు బియ్యం పోసి గాజులు వేయించుకోవడం సాధ్యమైంది. ఏ వేళకు రావాలో, ఏ రూపంలో చెల్లింపు తీసుకోవాలో, ఎన్ని వాయిదాలకు ఒప్పుకోవాలో ఆ అమ్మకందార్లకు తెలుసు. ఇంటి లోపలి ఆర్థికశాస్త్రం వాళ్ళు చదివినంతగా ఏ నమూనా చదవలేదు.

పుస్తకాలూ ఇలాగే వచ్చాయి. ఎమెస్కో 'ఇంటింటా గ్రంథాలయం' పథకంలో సభ్యుల ఇళ్ళకు నవలలు పోస్టులో చేరేవి. తెలుగులో స్త్రీల నవల వెల్లువగా వచ్చిన కాలమది. ఆ వెల్లువ గురించి మాట్లాడేటప్పుడు రచయిత్రుల్ని లెక్కపెడతాం, వారపత్రికల్ని లెక్కపెడతాం. పుస్తకాల షాపు మెట్లెక్కని పాఠకురాలి ఇంటికి పుస్తకం ఎలా చేరిందన్నది కూడా సాహిత్య చరిత్రే కదా?

ఇక మన కాలానికి వస్తే, 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ మొదలైంది. దాని తొలి కొనుగోలుదారు మహబూబ్‌నగర్ వాసి. కొన్నది ఒక ఇంగ్లీషు పుస్తకం. మహానగరం కాదు, కోరిన పుస్తకం దొరకని జిల్లా కేంద్రం! లోటు ఉన్నచోటే అవసరం పుడుతుంది. 2010లో ఆ సంస్థ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టాక వ్యాపారం తీరే మారిపోయింది. 2013లో అమెజాన్ ఇక్కడ అడుగుపెట్టింది. కార్డు లేని దేశంలో, కార్డున్నా అది భర్త జేబులో ఉండే దేశంలో, అమ్మకాలు పెంచింది కొత్త సాంకేతికత కాదు. 1877 నాటి పాత ఉపాయం.

ఈ మూడు ఊళ్ళలో స్త్రీలతో మాట్లాడినప్పుడు నాకు అర్థమైంది కూడా ఇదే. పోపుల డబ్బాలో దాచిన నోట్లు, పాల డబ్బు, పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు ఎవరి లెక్కల్లోకీ రావు. గుమ్మం దగ్గర నగదు కట్టే పద్ధతిలో ఆ లెక్కకు రాని డబ్బు వస్తువుగా మారగలిగింది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా భర్తల ముందు తెరుచుకున్నాయి. 'ఇంత డబ్బు నీకెక్కడిది?' అన్న ప్రశ్న ఎన్ని ఇళ్ళలో వినబడిందో! 

అదే ఏడాది ఏప్రిల్లో యూపీఐ, సెప్టెంబరులో జియో వచ్చాయి. డేటా చవకైంది. చెల్లింపు తేలికైంది. కానీ ఏ ఖాతాకు ఏ ఫోను నంబరు జోడించి ఉంది? భర్త నంబరే ఉంటే భార్య కొన్న ప్రతి వస్తువూ క్షణంలో అతని ఫోనులో మోగుతుంది. నగదుకు నోరు లేదు, యూపీఐకి ఉంది. పారదర్శకత మంచిదే. అయితే ఎవరు ఎవరికి పారదర్శకంగా ఉండాలన్నది అధికారం తేల్చే విషయం. భర్త సిగరెట్ల ఖర్చు భార్య ఫోనులో మోగుతున్న ఇళ్ళెన్ని?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగులో కనిపించింది 2020లో. అప్పటిదాకా ఇంగ్లీషు చదవగలగడం కూడా ఒక గడపే. 'వాడటం తేలిక' అన్నది యంత్రం గుణం మాత్రమే కాదు. ఏ పిల్లని ఎంతవరకు చదివించామన్నదాని ఫలితం కూడా.

మరి ఇన్ని అడ్డంకుల మధ్య ఆడవాళ్ళు ఎందుకు కొంటున్నారు? బాపట్లలో ఒక ఉపాధ్యాయురాలు లోదుస్తులు ఫోనులోనే కొంటానని చెప్పింది. షాపులో కొలత అడిగే కుర్రాడి చూపు తప్పుతుంది కాబట్టి. తెనాలి బోసు రోడ్డులో చీరలు తీయించి కొనకుండా లేచిపోతే వెనక వినబడే మాట ఫోనులో ఉండదని ఇంకొకామె అంది. బట్టల షాపులో మన చీర చూసి, చెప్పులు చూసి, మాట యాస చూసి ఏ ధర చీరలు పరచాలో సేల్స్‌మాన్ నిర్ణయించేస్తాడు. ఆ చూపు దళిత స్త్రీకి, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి ఎక్కువగా తెలుసు. తెర ముందు ఆ సేల్స్‌మాన్ ఉండడు. లోధ్ర కాలపు చాటే ఇది. అయితే చిరునామా మాత్రం ఇవ్వక తప్పదు. మన ఊళ్ళలో పేట పేరే కులం చెబుతుంది కనక, బట్టల షాపులో తప్పిన చూపు పార్సెలు తెచ్చే కుర్రాడి రూపంలో ఎదురు కాదన్న హామీ లేదు.

అమ్మే వైపు కూడా చూడాలి. 2015లో మొదలైన మీషో లాంటి సంస్థలు ఇంట్లో ఉన్న స్త్రీల వాట్సాప్ పరిచయాల్నే అంగడిగా మార్చాయి. మూటాయన దగ్గర చీరలు కొని నాలుగిళ్ళలో వాయిదాలకు అమ్మిన పాత అలవాటే దీనికి పునాది. కొంతమందికి తొలిసారి సొంత ఖాతాలో డబ్బు పడింది. చిన్న సంగతి కాదు. కానీ నాణ్యత బాగాలేకపోతే మాట పడేది ఆమే, నమ్మకం పోయేది ఆమె చుట్టరికాల్లోనే. చీరాల మగ్గాల మీద అల్లకం సాగాలంటే కండెలు చుట్టే స్త్రీల కూలి ఎంతన్నది తెర మీద కనబడే ధరలో కనిపించదు.

ప్రపంచంలో ఇంటినుంచి తెర మీద సరుకులు తెప్పించుకున్న తొలి మనిషిగా చెప్పేది 1984లో ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌కు చెందిన జేన్ స్నోబాల్‌ని. వయసు 72. తుంటి విరిగి బయటికి వెళ్ళలేని స్త్రీ. టీవీ రిమోట్ సాయంతో గుడ్లు, కార్న్‌ఫ్లేక్స్, మార్గరిన్ తెప్పించుకుంది. కదలలేని మనిషికి బజారు ఇంటికి రావడం స్వేచ్ఛే. కదలగలిగిన స్త్రీకి కూడా అన్నీ ఇంటికే వస్తున్నాయి కదా, బయటికెందుకు అంటే? అప్పుడు అదే సౌకర్యం కొత్త ఘోషా అవుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు స్త్రీని బజారుకు తీసుకెళ్తుంది, ఫోను బజారును స్త్రీ దగ్గరికి తెస్తుంది. ఇందులో ఏది మంచిదని పోటీ పెట్టక్కర్లేదు. రెండూ ఆమె చేతిలో ఉండి, ఈ రోజు ఏది కావాలో ఆమే తేల్చుకోగలగాలి. పరిశోధనలు చేసే మనం కూడా ఎంతమంది స్త్రీలు ఫోనులో కొంటున్నారని అడిగి ఊరుకోకూడదు. ఎవరి డబ్బుతో, ఎవరి నంబరు మీద, ఎవరికి తెలియాల్సిన అవసరం లేకుండా కొనగలుగుతున్నారని కూడా అడగాలి. వి.పి. పార్సెలు కాలం నుంచీ ఈ ప్రశ్నలకు జవాబులు బాకీ ఉన్నాయి.