అచ్చుపనివాని ఇంట మూడు తరములు



1842లో గుంటూరుకు సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యర్ గారు అమెరికాలోని పెన్సిల్వేనియా లూథరన్ సంఘముల నుండి వచ్చారని మీలో అనేకులకు తెలుసు. ఆ ప్రాంతమునకు జర్మనీ నుండి వేలాదిమంది వలస వెళ్లారు. హయ్యర్ గారికి నూరేండ్లు ముందుగా అక్కడ జీవించిన ఒక జర్మను పనివాని కుటుంబ చరిత్రను ఈ దినము ధ్యానిద్దాము.

అతని పేరు క్రిస్టఫర్ సావర్. 1695లో జర్మనీలో జన్మించాడు. 1724లో భార్య మరియ క్రిస్టీనాతోను, చిన్న కుమారునితోను అమెరికా చేరాడు. కుట్టుపని, గడియారముల పని ఎరిగినవాడు. అయితే 1730 ప్రాంతమున ఆ ఇల్లు చీలిపోయింది. భార్య ఒక బోధకుని అనుచరులలో చేరి, తరువాత ఎఫ్రాతా అనుచోట సన్యాసినిగా ఉండిపోయింది. కొడుకుకు అప్పుడు తొమ్మిదేండ్లే. ఆ తండ్రి దుఃఖము ఎంతటిదో ఆలోచించండి!

అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1738లో జర్మన్‌టౌన్‌లో అచ్చుయంత్రము పెట్టాడు. 1743లో లూథర్ గారి జర్మను బైబిలును 1200 ప్రతులు ముద్రించాడు. ఒక్కొక్క అక్షరమును చేతితో కూర్చి, అచ్చువేసి, విడదీసి, మరల కూర్చవలెను. పేజీలేమో వెయ్యికి పైన! అమెరికాలో యూరోపు భాషలో అచ్చయిన మొదటి బైబిలు అదే. అక్కడ ఇంగ్లీషు బైబిలు అంతయు అచ్చగుటకు ఇంకను 39 ఏండ్లు పట్టింది. కొనగలవారికి ధర చెప్పాడు గాని బీదలకు ధర లేదన్నాడు. అనేక సంవత్సరముల తరువాత భార్యయు ఇంటికి తిరిగి వచ్చింది. దేవునికి స్తోత్రము!

తండ్రి 1758లో నిద్రించగా, అదే పేరుగల కుమారుడు ఆ పని చేపట్టాడు. 1763లోను, 1776లోను మరల బైబిలు ముద్రించాడు. ఆయన జర్మను బ్రెదరన్ సంఘపెద్ద. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు ఒట్టు పెట్టుకొనవద్దన్నారు, శత్రువులను ప్రేమించుమన్నారు. ఆ సంఘమువారు ఆ మాటలను అక్షరాలా పాటించేవారు. స్వాతంత్ర్య యుద్ధము వచ్చినప్పుడు ఆయన కొత్త ప్రభుత్వమునకు ప్రమాణము చేయలేదు. 1778లో సైనికులు ఆయనను పట్టుకొని, గడ్డము కత్తిరించి అవమానించారు. దేశద్రోహియని ఆస్తియంతయు వేలము వేశారు. ఆ తరువాత ఆయన పుస్తకములు బైండు చేసుకొని బ్రదికాడు, వాక్యము బోధించుట మాత్రము మానలేదు. 1784లో ప్రభువునందు నిద్రించాడు.

మూడవ తరములోను ఒక క్రిస్టఫర్ ఉన్నాడు. అతడు తాత మొదలుపెట్టిన అచ్చుపనినే ఇంగ్లండు రాజు పక్షమున యుద్ధపు రాతలకు వాడాడు.

ప్రియులారా, చూచారా? పేరు అందింది, పని అందింది. విశ్వాసమైతే పొలమువలె రిజిస్ట్రేషను చేసి ఇచ్చేది కాదు. లోయి, యునీకే యొద్దనుండి తిమోతికి వచ్చినట్టు, అది ఇంటిలో దినదినము బ్రదికి చూపవలసినది, ప్రతి తరము తానే పట్టుకొనవలసినది. మీ ఇంట నేడు చీలిక ఉన్నదా? కన్నీటితోనైనను వాక్యమును చేపట్టండి. మీ పిల్లలకు ఆస్తి పత్రములకంటె ముందుగా బైబిలును అందించండి.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక! ఆమేన్.