మాస్కో బొమ్మల పుస్తకాలు – సండే స్కూలుకు ఒక పాఠం
విజయవాడ పుస్తక చరిత్ర నుండి ఒక పరిశీలన

ఇబ్రహీంపట్నం నుండి విజయవాడ దాటి కృష్ణా కాలువల వెంట దిగువకు వెళ్తే, ఊరూరా ప్రార్థనా మందిరాలు, వాటిలో ఆదివారం పిల్లల తరగతులు కనిపిస్తాయి. ఆ తరగతులు నడిపేవారికి నేడు ఒక కొత్త చిక్కు ఎదురవుతున్నది. పిల్లలు వారమంతా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, పాటలు పాడతారు, కంఠత వాక్యాలు తడుముకోకుండా చెబుతారు. బైబిలు చేతికిచ్చి చదవమంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతారు. లేఖనాన్ని ప్రతి విశ్వాసి తన భాషలో చదువుకోవాలన్నది సంస్కరణోద్యమం మనకిచ్చిన వారసత్వం. అది ఒక్క తరంలోనే చేజారిపోగలదు. ఈ చిక్కు గురించి ఆలోచించడానికి విజయవాడ పుస్తక చరిత్రలోని ఒక అధ్యాయం సహాయపడుతుంది.

1. ఒక బిషప్పు కూర్చిన పుస్తకం

పిల్లల కోసం బొమ్మలతో పాఠ్యపుస్తకం తయారుచేసిన తొలివారిలో ప్రముఖుడు ఒక సంఘకాపరి. మొరేవియాకు చెందిన సహోదర సంఘపు బిషప్పు జాన్ ఆమోస్ కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో ‘ఆర్బిస్ సెన్సూవాలియం పిక్టుస్’ అనే పుస్తకం ప్రచురించాడు. అందులో 150 బొమ్మలున్నాయి. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, వాటి పేర్లను లాటిన్‌లోను జర్మన్‌లోను పక్కపక్కనే ఇచ్చాడు. కంటితో చూసిన దానికి మాట త్వరగా అతుక్కుంటుందని అతని నమ్మకం. పుస్తకం దేవునితో మొదలై అంత్యతీర్పుతో ముగుస్తుంది. భాష, లోకజ్ఞానం, భక్తి అతనికి వేరువేరు తరగతులు కావు.

2020-21 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చినప్పుడు చాలామందికి అది కొత్తగా తోచింది. రెండు భాషలను పక్కపక్కన ఉంచే పద్ధతి సంఘ చరిత్రలో మూడున్నర శతాబ్దాల నాటిది.

2. తెలుగు సంఘం తొలి అడుగులు

తెలుగు అచ్చు ఆరంభంలోనూ పిల్లల బోధ ఉన్నది. మద్రాసులో పనిచేసి హాలే నగరానికి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో అక్కడ తెలుగు ప్రశ్నోత్తరి అచ్చు వేయించాడు. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల తెరిచాడు. తరువాతి కాలంలో విదేశీ సంఘాలు రంగుల బైబిలు పటాలను, చిన్న చిత్రాల కార్డులను పంపేవి. గోడకు వేలాడదీసిన పటాన్ని చూపుతూ ఉపాధ్యాయుడు కథ చెప్పేవాడు. ఆ సేవ విలువైనది. అయితే బొమ్మ గోడ మీద, ప్రశ్నోత్తరి చేతిలో ఉండిపోయాయి. రెండూ ఒకే పేజీ మీద కలిసి పిల్లవాని ఇంటికి వెళ్లిన సందర్భాలు తక్కువ.

3. మాస్కో నుండి విజయవాడకు

ఆ పని ఇక్కడ విస్తారంగా చేసినవారు సంఘానికి బయటివారు. 1953లో విజయవాడలో ఏర్పడిన విశాలాంధ్ర ప్రచురణాలయం, సోవియట్ దేశంలో తెలుగులో అచ్చయిన పిల్లల పుస్తకాలను తన దుకాణాల ద్వారా, పుస్తకాల వ్యానుల ద్వారా ఊళ్లకు చేర్చింది. వెల చవక, పుట పెద్దది, బొమ్మలు రంగులవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. పూర్వం సువార్త కరపత్రాలు, లేఖన భాగాలు మోసుకొని ఊరూరా తిరిగిన మన పుస్తక విక్రేతల సేవకు ఈ వ్యానుల పని ఎంతో పోలికగా ఉన్నది.

ఆ బొమ్మల్లో మంచు, ఎలుగుబంట్లు, కట్టె ఇళ్లు ఉండేవి. కృష్ణా తీరపు పిల్లలెవరూ అవి చూచియుండరు. అయినా వారు ఆ పుస్తకాలను ప్రేమించారు. బొమ్మ పరాయిదైనా, దాని కిందనున్న తెలుగు ఇంట్లో వినిపించే తెలుగు. మన సండే స్కూలు పుస్తకాల్లో తరచు బొమ్మా పరాయిదే, భాషా గ్రాంథికమే.

4. గింజ కథ, నాతాను కథ

టాల్‌స్టాయ్ 1870లలో రైతు పిల్లల కోసం వాచకాలు కూర్చాడు. వాటిలో ఒక చిన్న కథ ఉన్నది. తల్లి లెక్కపెట్టి ఉంచిన ప్లమ్ పండ్లలో ఒకటి వాన్యా అనే పిల్లవాడు తినేస్తాడు. అడిగితే అందరితోపాటు తానూ తినలేదంటాడు. గింజ మింగినవాడు ఒక్క రోజులో చనిపోతాడేమోనని తన భయమంతా అంటాడు తండ్రి. వాన్యా పాలిపోయి, గింజను కిటికీలోంచి పారవేశానని చెప్పేస్తాడు. అందరూ నవ్వుతారు, వాడు ఏడుస్తాడు. కథ అంతటితో సరి. చివర నీతివాక్యం లేదు.

వేదాంత విద్యార్థికి ఇక్కడ 2 సమూయేలు 12వ అధ్యాయం గుర్తుకు రావాలి. నాతాను దావీదుకు ఆజ్ఞలు వల్లించలేదు, ఒక గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు తన తీర్పు తానే పలికిన తరువాతనే ప్రవక్త వేలు చూపాడు. తన తప్పు తన నోట రావడమే ఒప్పుకోలుకు ఆరంభం. కథ ముగియకముందే నీతి చెప్పే బోధకుడు పిల్లవానికి ఆ అవకాశం దక్కనివ్వడు.

5. ఒక అభ్యంతరం

నాస్తిక రాజ్యం పంపిన పుస్తకాల నుండి సంఘం నేర్చుకోవడమేమిటని కొందరు అడుగవచ్చు. టాల్‌స్టాయ్‌ని సైతం రష్యా ఆర్థడాక్స్ సంఘం 1901లో బహిష్కరించింది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చరాదు. దయ, శ్రమ, నిజాయితీ నేర్పిన ఆ అలమరలో ప్రార్థనకు చోటు లేదు. కొమీనియస్ పుస్తకపు మొదటి పుట, చివరి పుట రెండూ అక్కడ లోపించాయి. అయితే నడుమనున్న పుటలను వారు మనకంటె శ్రద్ధగా చేశారు. మొదటి పుట, చివరి పుట మన దగ్గర ఉన్నవి. నడిమి పుటలే లేవు.

6. ముగింపు

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. వాటిలో అనేకం సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ తిరిగి అచ్చువేసింది. అనగా ఆ పుస్తకాలు వాటిని పంపిన రాజ్యంకంటె ఎక్కువ కాలం బ్రతికాయి.

కాపరులకు ఒక మనవి. ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి ఉన్నది. అక్కడి తెల్లపొణికి కొయ్య బొమ్మల్లో ఎద్దులబండి, కల్లుగీసే మనిషి మనకు తెలిసిన రూపాల్లోనే కనిపిస్తారు. విత్తువాడు, తప్పిపోయిన గొఱ్ఱె, పొరుగువాడు కూడ అలాంటి రూపాల్లో, పిల్లలు మాట్లాడే తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక చిన్న పుస్తకంగా రావాలి. చివర నీతివాక్యం వేయవద్దు. తరగతిలో ఒక పిల్లవాడు దానిని పైకి చదవాలి, తక్కినవారు వినాలి. బైబిలును తన భాషలో చదువుకొనే తరం అక్కడ మొదలుకాగలదు.