రెండు మెడల్స్ జనరల్, వెట్టి రోడ్డు



మా హాస్టల్‌లో పొద్దున ఐదింటికే సగం మంది గ్రౌండ్‌లో ఉంటారు, ఆర్మీ ర్యాలీ కోసం పరుగు ప్రాక్టీస్. మాలో చాలా ఇళ్లకు నెలజీతం అనేది వస్తే ఆ దారిలోనే రావాలి. ఆ పరుగును తక్కువ చేసి మాట్లాడటానికి కాదు ఈ పోస్టు, మేమూ పరిగెత్తుతున్నవాళ్లమే. అందుకే ఒక సైనికుడి గురించి రాస్తున్నాం. పేరు స్మెడ్లీ బట్లర్, అమెరికా మెరైన్ దళంలో మేజర్ జనరల్.

1881లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. వాళ్లది క్వేకర్ల కుటుంబం, అంటే యుద్ధమే తప్పు అని నమ్మే క్రైస్తవులు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాగానే పదహారేళ్ల పిల్లాడు వయసు ఎక్కువ చెప్పి చేరిపోయాడు. ఇక 33 ఏళ్లు అదే బతుకు. ఫిలిప్పీన్స్, చైనా, హోండురాస్, నికరాగ్వా, మెక్సికో, హైతీ. 1914లో మెక్సికోలోని వెరాక్రూజ్ దాడికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అక్కడ అంతకు మించిన పతకం లేదు. దానికి తగ్గ పని నేను చేయలేదని తిప్పి పంపబోయాడు. ఉంచుకో, పెట్టుకో కూడా అని ఆర్డర్ వచ్చింది! మరుసటేడు హైతీలో ఒక కొండకోట పట్టుకున్నందుకు రెండోది.

హైతీ దగ్గర కాసేపు ఆగాలి. ఫ్రెంచివాళ్ల కింద బానిసలుగా ఉన్న నల్లవాళ్లు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం అది. 1915లో అమెరికా సైన్యం దిగి 1934 దాకా కదల్లేదు. అక్కడ కొత్తగా పెట్టిన సాయుధ పోలీసు దళానికి బట్లరే అధిపతి. రోడ్లు వేయాలి, డబ్బు లేదు. 1864 నాటి పాత చట్టం ఒకటి బయటికి తీశారు, పేరు కోర్వే. రోడ్డు పన్ను కట్టలేని రైతు ఒళ్లు వంచి పనిచేయాలి. మనుషులను తాళ్లతో కట్టి తీసుకెళ్లారు, పారిపోతే కాల్చారు. పోర్టో ప్రిన్స్ నుంచి ఉత్తరాన కాప్ హైషియన్ దాకా రోడ్డు అలా పడింది.

మన తాతల మాటలో ఇది వెట్టి. గూడెం కొండల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దార్ మనవాళ్లతో చేయించిన రోడ్డు పని 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. హైతీలోనూ 1918లో షార్లమేన్ పెరాల్ట్ వెనక జనం లేచారు. వేలమంది చనిపోయారు. అప్పటికి బట్లర్ అక్కడ లేడు.

1931లో ముస్సోలినీ ఒక పిల్లను కారుతో గుద్ది ఆగకుండా పోయాడని సభలో చెప్పినందుకు బట్లర్‌ను అరెస్టు చేశారు, తర్వాత మందలించి వదిలేశారు. అదే ఏడు రిటైరయ్యాడు. మరుసటేడు 1932లో, బోనస్ కోసం వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకున్న మాజీ సైనికుల దగ్గరికి వెళ్లి ధైర్యం చెప్పాడు. కొన్ని రోజులకే సైన్యం వచ్చి వాళ్లను తరిమింది.

1935లో 'వార్ ఈజ్ ఎ రాకెట్' రాశాడు. మన భాషలో, యుద్ధం ఒక దందా. లాభం డాలర్లలో కొద్దిమందికి, నష్టం ప్రాణాలలో మిగతావాళ్లకు అంటాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలో 21,000 మంది కొత్తగా కోటీశ్వరులయ్యారని లెక్క చెప్తాడు. మందు కూడా చెప్పాడు. కుర్రాళ్లను పిలిచే ముందు బ్యాంకర్లకు, కంపెనీ పెద్దలకు సైనికుడి జీతమే ఇవ్వాలి, యుద్ధం కావాలా వద్దా అనే ఓటు వెళ్లి చచ్చేవాళ్లకే ఉండాలి. అదే ఏడు ఒక పత్రికలో తన సర్వీసులో ఎక్కువ భాగం పెద్ద వ్యాపారులకు రౌడీగా పనిచేయడమేనని ఒప్పుకున్నాడు. హైతీలో ఏ బ్యాంకు కోసమో పేరుతో సహా రాశాడు.

మాకు గుచ్చుకున్నది ఇక్కడే. పుస్తకంలో ఆసుపత్రుల్లో పడున్న అమెరికా కుర్రాళ్లు కనపడతారు. తాడు కట్టుకుని రోడ్డు వేసిన హైతీ మనిషి మాకు కనపడలేదు. బ్యాంకు పేరు గుర్తుంది, ఆ మనిషి గుర్తులేడు.

రాత్రి రూమ్‌లో దీని మీద గొడవే అయింది. పెన్షన్ వచ్చాక నిజం చెప్పడం సులువే కదా అన్నాడు ఒకడు. పెన్షన్ తీసుకుని నోరు మూసుకున్నవాళ్లే ఎక్కువ కదా అన్నాడు ఇంకొకడు. మాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

బట్లర్ 1940 జూన్‌లో చనిపోయాడు. పుస్తకం చిన్నదే, ఒక్క రాత్రిలో అయిపోతుంది. చదివినవాళ్లు హైతీ సంగతి ఏమనిపించిందో రాయండి. రేపు ఐదింటికి మళ్లీ గ్రౌండ్.