లంక పొగాకు, మన అవ్వల చుట్ట

మన పెద్దలు నెటాల్ గడ్డమీద అడుగుపెట్టి 150 ఏళ్ళు నిండిన సందర్భంలో, అనగా 2010లో, మేము మిత్రులు కొందరితో కలిసి ఇంటింటికీ తిరిగి పాత వస్తువులు పోగుచేశాము. ఇత్తడి చెంబులు, తిరుగలి రాళ్ళు, ఒప్పంద కాగితాల నకళ్ళు చాలా దొరికినవి. ఒక ఇంట్లో ఒక రేకు డబ్బా కనబడినది. మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు. వాసన మాత్రం ఉన్నది. ఆ ఇంటి పెద్దామె దానిని గబగబా లోపలికి తీసికొనిపోయినది. "అది వద్దులెండి. మా అత్తగారి చుట్టల డబ్బా. నలుగురిలో పెడితే ఏం బాగుంటుంది?" అన్నది. దానికి బదులుగా గోడమీది ఒక ఫోటో దించి ఇచ్చినది. చెరకు తోట దొరగారు వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్న ఫోటో అది. ఆయన వేళ్ళ మధ్య సిగారు వెలుగుతున్నది.

దొర సిగారు ప్రదర్శనకు వచ్చినది, అత్తగారి చుట్ట ఇంట్లోనే ఉండిపోయినది. రెండూ పొగాకే. రెండూ ఆకును ఆకుతోనే చుట్టినవే. ఈ తేడా ఎక్కడినుండి వచ్చినదో చూడవలెనని అప్పుడే అనుకొన్నాము. ఇన్నాళ్ళకు వ్రాస్తున్నాము.

పొగాకు మొదట మనది కాదు. అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వారి ఓడలమీద దక్కను తీరానికి వచ్చి, 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలకే బీజాపూరు నుండి అక్బరు దర్బారు వరకు పోయినది. మన వారు దానికి తేలికగా పేరు పెట్టుకొన్నారు: పొగ, ఆకు, కలిపి పొగాకు. చుట్టినది గనుక చుట్ట. ఇంగ్లీషువారి 'చెరూట్' అనే మాట కూడా మన పొరుగున ఉన్న తమిళుల 'చురుట్టు' నుండి వచ్చినదే. అదీ చుట్టడమే.

మా తరగతిలో లంక అనగానే పిల్లలు రావణుని లంక అంటారు. గోదావరి, కృష్ణ తీరాల వారికి లంక అంటే నది నడుమ లేచిన దిబ్బ. వర్షాకాలంలో వరద వచ్చి లంకలను ముంచుతుంది. నీరు తీసిన తరువాత కొత్త ఒండ్రు మిగులుతుంది. ఏటేటా నది తానే ఎరువు వేసి పోతుందన్నమాట. ఆ నేలలో వరదలు తగ్గినాక నారు నాటుతారు. మొక్క ఎదిగినప్పుడు తల త్రుంచుతారు, పిలకలు తీసివేస్తారు. అప్పుడు బలమంతా ఆకులకు పోతుంది. కోసిన ఆకును త్రాళ్ళకు గ్రుచ్చి గాలికి ఆరవేసి, తరువాత కుప్పగా పేర్చి, లోపల వేడి పుట్టినప్పుడు విప్పి, పైది క్రిందికి, క్రిందిది పైకి మార్చి మళ్ళీ పేర్చుతారు. ఈ పనిలోనే ఆకు పచ్చి వాసన, ముక్కు మండించే ఘాటు కొంత విరుగుతుంది. ఓపిక లేనివాడు ఆకును తొందరగా అమ్ముతాడు. అటువంటి ఆకుతో చేసిన చుట్ట గొంతు పట్టుకొంటుంది.

నేల గుణం ఇంకొక విధంగా కూడా తెలుస్తుంది. ఉప్పు నీరు తాగిన పొగాకు సరిగా కాలదు, మాటిమాటికీ ఆరిపోతుంది. మంచినీటి ఒండ్రులో పెరిగినది నిలిచి కాలుతుంది. నుసి తెల్లగా, గట్టిగా, వేలెడు పొడవు వరకు రాలకుండా నిలబడుతుంది. మన ముసలివారు చుట్టను రెండు దమ్ములు లాగి నుసిని చూసేవారు. అది వట్టి కాలక్షేపం కాదు, ఆకు ఎక్కడిదో పరీక్షించడం.

ఈ లంక ఆకుకు ఇంగ్లాండులో ఎంత పేరు ఉండెనో మన పిల్లలకు తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1886లో యూల్, బర్నెల్ అనేవారు భారతదేశంలో ఇంగ్లీషువారు వాడే మాటలకు 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు వేశారు. అందులో 'లంకా' అనే మాట ఉన్నది, గోదావరి లంకల పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని అర్థం. 1887లో వెలువడిన కానన్ డాయిల్ మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో నుసిని చూసి హంతకుడు తిరుచిరాపల్లి చుట్ట త్రాగేవాడని డిటెక్టివ్ చెబుతాడు. 1890 నాటి రెండవ నవలలో ఆయన తాను 140 రకాల పొగాకు నుసుల మీద పుస్తకం వ్రాశానని అంటూ, మన లంక చుట్టను పేరు పెట్టి చెబుతాడు. మన ముసలివారు అరుగుమీద కూర్చుని చేసిన పనినే హోమ్స్ లండనులో చేశాడు. ఆయనది శాస్త్రమైనది, మన వారిది కూలివాని అలవాటు అయినది.

ఇదే కాలంలో ఇదే తీరం నుండి మనుషులు కూడా ఓడ ఎక్కారు. 1860 నవంబరు 16న 'ట్రూరో' మద్రాసు నుండి డర్బన్ చేరినది మొదలు 1911 వరకు ఒప్పందం మీద నెటాల్‌కు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారు వేలకు వేలు. మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికి ఒక షిల్లింగు పెంపు, ఐదేళ్ళ గడువు. గడువు తీరినవారు చిన్న చిన్న చెక్కలు కౌలుకు తీసికొని మొక్కజొన్న, కూరగాయలతో పాటు పొగాకు వేశారు. ఇది చరిత్రకారులు వ్రాసినదే. కాని నెటాల్ కొండవాలుకు గోదావరి ఒండ్రు ఎక్కడినుండి వస్తుంది? మా ఇంటి పెరటి పొగాకు వట్టి మొరటుది. మా అవ్వ దానిమీద బెల్లపు నీళ్ళు చిలకరించి, గోనెలో చుట్టి, మంచం క్రింద నెలల తరబడి ఉంచేది. "పాతబడితే కమ్మన అవుతాది" అనేది.

ఈ 'కమ్మన' అనే మాట దగ్గర కొంచెం ఆగుతాము. ఈనాటి సిగారు వర్తకులు మృదువైన సిగారును పొగిడేటప్పుడు వెన్న, మీగడ అంటారు. అమెరికాలో కనెక్టికట్ లోయలో 1900 ప్రాంతం నుండి పొగాకు చేలమీద గుడ్డ పందిళ్ళు వేసి, ఎండ నేరుగా తగలకుండా పలుచని లేత రంగు ఆకు పెంచుతున్నారు. పై చుట్టుకు ఆ ఆకు వాడిన సిగార్లకే ఈ పేరు ఎక్కువ. మేము పొగ త్రాగేవారము కాము. అయినా ఒక పెళ్ళిలో తోటి ఉపాధ్యాయుడు ఇచ్చిన అటువంటి సిగారు ఒకటి రుచి చూశాము, దాచుట ఎందుకు? పొగ మింగకూడదు, నోటిలో ఉంచి వదలవలెను. నిమిషానికి ఒక దమ్ము చాలు. త్వరపడితే సిగారు వేడెక్కి చేదవుతుంది. మొదట నాలుకమీద మంట లేదు. వేపిన జీడిపప్పు వంటి వాసన, కాచిన పాల అడుగు వంటి రుచి. సగం దాటిన తరువాత ఘాటు పెరిగినది, ఎందుకంటే ముందు కాలిన భాగపు తారు వెనుక భాగంలో చేరుతూ వస్తుంది. అక్కడ మాకు గోనె వాసన, మంచం, అవ్వ గుర్తుకు వచ్చి సిగారు ప్రక్కన పెట్టేశాము.

లంక చుట్ట మీగడ వంటిదని మేము అబద్ధం చెప్పము. అది ఘాటుదే. అయితే ఘాటులోనే కమ్మదనం వెదికే విద్య మన వారికి ఉన్నది. మొక్కకు క్రింది ఆకులు పలుచన, నెమ్మది. పై ఆకులు దళసరి, ఘాటు. ఏ ఆకు లోపలికి, ఏ ఆకు పైకి, ఎంత పాతది, ఎంత తడి ఉండవలెను అనేది చేతితో తడిమి చెప్పేవారు. విజయనగరం వైపు చుట్ట ఎంతగా ఇంటింటి వస్తువో తెలియాలంటే గురజాడ 'కన్యాశుల్కం' చాలు. 1892లో మొదట ఆడిన ఆ నాటకంలో గిరీశం చుట్ట లేకుండా మనకు తోచడు. మా సాయంకాలపు తరగతిలో ఆ నాటకం చదివినప్పుడు చుట్ట మాట వచ్చిన చోటల్లా పెద్దలు నవ్వారు. తమ ఇంటి చుట్ట మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి కారణం ఒకటి సిగ్గు. రెండవది భయం అని మేము అనుకొంటాము. ఉత్తరాంధ్ర తీరపు స్త్రీలు చాలామంది త్రాగినది అడ్డపొగ. నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని, ఆరిన కొనను బయట ఉంచి త్రాగుతారు. గాలికి ఆరదని, పనిలో చేతులకు అడ్డు రాదని కారణాలు చెబుతారు. తల్లి త్రాగితే కూతురు నేర్చుకొంటుంది, అంతే. మా అవ్వ కూడా అట్లే త్రాగేది. ఆమె తల్లి విశాఖ జిల్లా నుండి ఒప్పందం మీద వచ్చిన మనిషి.

చిన్నప్పుడు అడిగాము: "అవ్వా, నోరు కాలదా?"

"నిప్పు నాలిక మీద ఉంటాదేటి? పైన ఉంటాది" అని నోరు తెరిచి చూపినది. అంగిలి మధ్యన తెల్లగా, గరుకుగా, అక్కడక్కడ ఎర్రని చుక్కలతో ఉన్నది. అందరి అంగిలీ అట్లే ఉంటుందనుకొన్నాము.

1957లోనే భారతదేశపు వైద్య పత్రిక ఒకదానిలో రెడ్డి, రావు అనే వైద్యులు తీరాంధ్రలో అంగిలి క్యాన్సరుకు ఈ అడ్డపొగ కారణమని వ్రాశారు. 1971లో పిండ్‌బోర్గ్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు, బొంబాయి పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద తెలుపు, ఎరుపు, పుండ్లు ఎట్లా పుడతాయో ప్రచురించారు. నిప్పు లోపల పెట్టినా, బయట పెట్టినా, మింగని చుట్ట పొగ కూడా నోటికి, గొంతుకు చేటే. గాలికి ఆరిన పొగాకు పొగలో క్షార గుణం ఎక్కువ గనుక నికోటిన్ నోటి పొరలోనుండే రక్తంలో కలుస్తుంది. అందుకే మింగకుండానే తృప్తి కలుగుతుంది, అందుకే వదలదు. మీగడ వంటి సిగారుకూ ఇదే వర్తిస్తుంది, దొరగారి సిగారుకూ వర్తించినది.

ఆ వ్యాసాలు మా ఇంటికి రాలేదు. మా అవ్వకు అంగిలి పుండు మానలేదు. ఇంట్లో వారు అడిగినవారికి పంటి జబ్బు అని చెప్పారు. చివరి నెలల్లో గంజి కూడా దిగలేదు, అయినా డబ్బా తలగడ దగ్గరే ఉండవలెనని సైగ చేసేది. ఆమె పోయిన తరువాత డబ్బాను ఎవరు తీశారో, ఎక్కడ పారవేశారో మాకు తెలియదు. అందుకనే ఆ పరాయి ఇంట్లో డబ్బా మూత తీసినప్పుడు మేము కాసేపు మాట్లాడలేకపోయాము.

ఈమధ్య మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. పెద్దామె లేదు. కోడలు ఈ సంగతులన్నీ వినినది. తన అత్తగారి అత్తగారు కూడా "నోటి జబ్బు"తోనే పోయినదని తానే చెప్పినది. తరువాత డబ్బా తెచ్చి ఇచ్చినది. దానిని దొరగారి ఫోటో ప్రక్కనే పెట్టమని అడిగినది. చీటీమీద అవ్వ పేరు, ఊరి పేరు, అడ్డపొగ అనే మాట మూడూ ఉండాలన్నది. అట్లే వ్రాశాము.