ఇండోరు కంపోస్టు పద్ధతి

పైరుల వ్యర్థములను, పశువుల పేడను, మూత్రము నింకిన మట్టిని, కట్టెల బూడిదను పొరలుగా పేర్చి, గాలియు తేమయు తగుపాళ్ళలో నందునట్లు తిరుగవేయుచు, ఇంచుమించు మూడు మాసములలో ఎరువుగా మార్చు విధానమునకు ఇండోరు పద్ధతి యని పేరు. 1924లో ఇండోరున నెలకొన్న వ్యవసాయ పరిశోధన సంస్థయందు దీనిని రూపొందించినవాడు ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడగు ఆల్బర్ట్ హోవర్డ్ (1873–1947).

1905లో ప్రభుత్వోద్యోగియై నేటి బీహారులోని పూసాకు వచ్చిన హోవర్డ్, భారతీయ కర్షకులకు పాఠము చెప్పుటకన్న వారియొద్ద నేర్చుకొనుటయే లాభమని గ్రహించెను. చీనా రైతులు యుగములుగా భూసారమును కాపాడుకొనుచున్న తీరును వర్ణించుచు అమెరికను శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ రచించి, 1911లో వెలువడిన గ్రంథమును ఆయనకు దారి చూపెను. మన పల్లెల పెంటదిబ్బ అనాదియే. దానికి లేనివి పాళమును, క్రమమును. హోవర్డ్ సమకూర్చినవి ఆ రెండే గాని, అది స్వల్పకార్యము కాదు.

గట్టిగా నుండి త్వరగా చివుకని పత్తికట్టెను, కందికట్టెను క్షేత్రపు బాటలపై పరచి, బండిచక్రముల క్రిందను పశువుల గిట్టల క్రిందను నలుగనిచ్చి, పిమ్మట కొట్టములో పశువులకు పడకగా వేసి, మూత్రముతో తడిసిన తరువాత 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల గుంటలకు తరలించెడివారు. సూక్ష్మజీవుల విజృంభణముచే కుప్ప లోపలి వేడిమి సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెరుగును. కలుపువిత్తులు పెక్కు నశించుట ఈ వేడిమి వలననే. ముమ్మారు తిరుగవేయుటతో పని ముగియును.

ఈ ఫలితములను 1931లో లోకమున కెరిగించిన గ్రంథమునకు యశ్వంత్ వాడ్ సహరచయిత. ఆయన పేరు మరుగుపడుట అన్యాయమే. 1939లో బెంగుళూరున సి. ఎన్. ఆచార్య పట్టణముల చెత్తకు అనువుగా, తిరుగవేయ నక్కరలేని మరియొక పద్ధతిని ప్రవేశపెట్టెను. అమెరికాలో జె. ఐ. రోడేల్ హోవర్డ్ భావములచే ప్రేరితుడై 1942లో సేంద్రియ వ్యవసాయ పత్రికను స్థాపించెను. కుప్ప వేయు శ్రమయు లేకుండ, ఎండుగడ్డిని దట్టముగా నేలపైననే పరచి కూరగాయలు పండింపవచ్చునని రూత్ స్టౌట్ 1955లో గ్రంథము వ్రాసెను.

ఈ ఆచ్ఛాదనము తేమను నిలుపును, కలుపును అణచును, నెమ్మదిగా చివికి నేలలో కలియును. అయితే చివుకకమునుపే మట్టిలో కలిపిన ఎండుగడ్డిని చివికించుటకు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొనుటచే మొక్కలు పసుపుబారును. కావున తోటమాలి చివికిన కంపోస్టును మట్టిలో కలుపవలెను, ఎండుటాకులను పైననే పరచవలెను, వానిని మొక్క కాండమునకు మాత్రము తగులనీయరాదు.